లాటరీలో వచ్చిన బడి సీటు

మాది నల్లగొండ జిల్లా, కనగల్ మండలంలో ఒక ఊరు. మా పాపను ఒకటో తరగతిలో బెస్ట్ అవైలబుల్ స్కూల్ కింద చేర్పించాం. ఎస్సీ పిల్లలను ప్రభుత్వమే ప్రైవేటు బడిలో చదివించే పథకం ఇది. ఇంటి నుంచి వెళ్లివచ్చే పిల్లలకు ఏడాదికి 28,000, హాస్టల్లో ఉండేవాళ్లకు 42,000 రూపాయలు. డబ్బు మన చేతికి రాదు, బడికే పోతుంది.

కాగితాలు పెద్ద కష్టమేం కాదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో పెట్టుకోవాలి. పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర దాటొద్దు. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం ముందే పెట్టుకోండి, ఆలస్యమయ్యేది అక్కడే.

సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకే కలెక్టరేట్‌లో అందరి ముందు లాటరీ తీస్తారు. పాప పేరు చదివినప్పుడు మా ఆయన లేచాడు గానీ నోట మాట రాలేదు. పక్కన కూర్చున్నామె "మీదే కదా, పోండి" అని తొందర పెట్టింది. వాళ్ల బాబు పేరు రాలేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాత. రెండో ఏడు బడి తెరవగానే "సర్కారు బిల్లులు రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం" అన్నారు. కట్టే స్థోమతే ఉంటే లాటరీ దాకా ఎందుకు పోతాం? పుస్తకాలు కూడా ఆపేశారు. తల్లిదండ్రులం కలిసి సోమవారం ప్రజావాణిలో అర్జీ పెట్టాం. ఊరికే చెప్పి రావొద్దు, రశీదు తీసుకోవాలి. ఆఫీసు నుంచి ఫోన్ పోయాక పుస్తకాలు ఇచ్చారు. కోపం ఉంది గానీ, సర్కారు డబ్బు ఆపితే టీచర్ల జీతాలు వాళ్లు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు?

మా ఊరి బడి సారు ఒకరోజు "ఒక్కొక్కరు ఇట్ల పోతే ఈ బడి ఎట్ల నిలుస్తదమ్మా?" అన్నారు. అయిదు తరగతులకు అక్కడ ఇద్దరే టీచర్లు. 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది, చెప్పే మనుషులే తక్కువ. పది మంది పిల్లలు పోతే ఏడాదికి 2,80,000, ఆ డబ్బుతో ఇంకో టీచరును పెట్టలేరా అని నేనూ లెక్కేశాను. లెక్కేసి కూడా పాపను మాన్పించలేదు.

ఈ సీటు ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. మా చిన్నోడిని వచ్చే జూన్‌లో ఊరి బడిలోనే వేస్తాం. పేరు రాసుకోమని సారుకు చెప్పి వచ్చాను.