ఆటిజం ఖాతాలో రాసేసిన జబ్బు

మా బాబుకి ఏడేళ్ళు. ఆటిజం ఉందని మూడో ఏటే తేలింది. కిందటేడు కార్తీకంలో వాడికి మెదడువాపు వచ్చింది. రెండూ వేర్వేరు జబ్బులని తెలియడానికి మాకు పద్దెనిమిది రోజులు పట్టింది. నేను ఒడిశాలోని రాయగడలో మందుల షాపు నడుపుతాను, బీఫార్మసీ చదివాను. చదివినవాడిని కాబట్టే ఆ పద్దెనిమిది రోజులు ఇంకా గుచ్చుకుంటున్నాయి.

మా వైపు మెదడువాపు అంటే ముందు గుర్తొచ్చేవి దోమ, పంది. 2016లో మల్కనగిరిలో వందమందికి పైగా పిల్లలు పోయారు. కొంత జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు, కొంత కసివింద గింజల విషం అన్నారు. మా వాడిది ఆ రెండూ కాదు. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడులో సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాల మీద పడితే వచ్చే వాపు వాడిది. 2007లో జోసెప్ డల్మావ్ అనే నాడీవైద్యుడి బృందం దీన్ని గుర్తించి పేరు పెట్టేదాకా ఇలాంటి రోగులు చాలామంది పిచ్చాసుపత్రుల్లోనే ఉండిపోయారు.

మొదలు ఇలా. రెండు రోజులు చిన్న జ్వరం, మూడో రోజుకి తగ్గింది. నాలుగో రోజు నుంచి నిద్ర లేదు. తగ్గడం కాదు, అసలు లేదు. రాత్రంతా గోడ పక్కన తిరిగేవాడు. ఏడో రోజు నుంచి మాటలు రాలడం మొదలైంది. వాడికున్నవే నలభై యాభై మాటలు. నీళ్ళు, బస్సు, అమ్మమ్మ, పప్పు. పదకొండో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. పెదాలు, నాలుక, దవడ ఏదో నములుతున్నట్టు ఆగకుండా కదిలేవి, నోట్లో ఏమీ ఉండేది కాదు.

మలేరియా కిట్ మా షాపులోనే వేశాను, నెగెటివ్. తర్వాత వాణ్ణి ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఏ పిలామానే ఏమితి" అన్నారు. ఈ పిల్లలు ఇలాగే ఉంటారని. నిద్ర కోసం, అల్లరి కోసం రిస్పెరిడోన్ పెంచారు. అప్పటిదాకా రాత్రి అర మిల్లీగ్రాము వేసుకునేవాడు, దాన్ని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చేశారు.

ఆ మాత్రలు నా షాపు అరలోంచే తీసి ఇచ్చాను.

ఆటిజంలో మాటలు పోవడం ఉంటుంది, నిజమే. కానీ అది మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్ళ వయసులో వారాలు, నెలల మీద జరుగుతుంది. ఏడేళ్ళ పిల్లాడికి నాలుగు రోజుల్లో మాటలన్నీ పోతే అది ఆటిజం ముదరడం కాదు. నిద్ర పూర్తిగా పోవడం, నోరు అదేపనిగా కదలడం, ఫిట్స్, ఒళ్ళు బిగుసుకోవడం వీటిలో ఏవైనా దానికి తోడైతే ఆరోజే వెన్నునీటి పరీక్ష, మెదడు తరంగాలు చూసే ఈఈజీ ఉన్న ఊరికి బయల్దేరాలి. ఇంకో సంగతి. ఈ జబ్బున్న మెదడు రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మందులకి తట్టుకోదు. ఒళ్ళు కట్టెలా బిగుస్తుంది, జ్వరం ఎగబాకుతుంది, కండరాలు చితికి రక్తంలో సీపీకే అనే కండర ఎంజైము పెరుగుతుంది. అలాంటప్పుడు లోరాజిపామ్ లాంటి నిద్రమందులే నయం.

పదిహేడో రోజు సాయంత్రం మొదటి ఫిట్ వచ్చింది. అంబులెన్సులో విశాఖ బయల్దేరాం. పార్వతీపురం దాటేసరికి జ్వరం 103.8. నాడి 160 మీదుండేది, ఉన్నట్టుండి 70కి పడిపోయేది, మళ్ళీ ఎక్కేది. వాడి చెయ్యి ఎత్తి వదిలితే ఎత్తినచోటే ఉండిపోయింది. మా ఆవిడ దాన్ని దించి ఒళ్ళో పెట్టుకుంది. బొబ్బిలి ఇంకా రాకముందే ఊపిరి ఆగింది. ముందు కూర్చున్న బావమరిది "బావా, రొమ్ము ఎగరట్లేదు బావా" అని అరిచాడు. అటెండరు ముసుగు పట్టుకున్నాడు, నేను అంబు బ్యాగ్ నొక్కాను. మూడు సెకన్లకొకసారి, రొమ్ము కాస్త లేచేంత, అంతకు మించకుండా. ఎక్కువ నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది. ఎన్ని నిమిషాలో లెక్కపెట్టలేదు. మా ఆవిడ మాత్రం మా రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మని పిలుస్తూనే ఉంది. బొబ్బిలి దీపాలు కనబడుతున్నప్పుడు వాడు తనంతట తాను ఒక ఊపిరి తీశాడు, కాసేపటికి ఇంకోటి. నేను దేవుణ్ణి పెద్దగా నమ్మను. ఆ రాత్రి ఏమన్నానో మా ఆవిడని అడగాలి.

విశాఖలో వార్డులో ఉన్న చిన్న డాక్టరమ్మ, పాతికేళ్ళుంటాయేమో, మమ్మల్ని ఒకటే అడిగింది. "ఈ నోటి కదలిక ముందు నుంచీ ఉందా అండీ? ఏ తారీఖున మొదలైంది? ఫోన్లో పాత వీడియోలున్నాయా?" దీపావళి వీడియో, నిన్నటి వీడియో పక్కపక్కన పెట్టి చూసింది. ఆ ఐదు నిమిషాలు మా దగ్గర ఎవరూ పెట్టలేదు. రిస్పెరిడోన్ అప్పుడే ఆపించింది. సీపీకే రెండు వేలు దాటి ఉంది.

ఎంఆర్ఐ మామూలుగా వచ్చింది. దానికి సంబరపడొద్దు, ఈ జబ్బులో సగంమందికో, అంతకన్నా ఎక్కువమందికో అలాగే వస్తుంది. ఈఈజీలో మాత్రం అలలు బాగా మందగించాయి. వెన్నునీటిలో కణాలు పెరిగాయి. యాంటీబాడీ పరీక్షకి రక్తం ఒక్కటే పంపితే చాలదు. వెన్నునీటిలో దొరికి రక్తంలో దొరకనివాళ్ళు ఏడుగురిలో ఒకరుంటారు. రెండూ పంపాలి, అదీ ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించక ముందే. హెర్పిస్ వైరస్ కాదని పీసీఆర్ పరీక్ష వచ్చేదాకా దాని మందు ఎసైక్లోవిర్ ఎనిమిది గంటలకోసారి నడిచింది.

ఫలితం కోసం ఆగకుండానే స్టెరాయిడ్ మొదలుపెట్టారు, అదే మంచి పద్ధతి. మిథైల్ ప్రెడ్నిసొలోన్ కిలోకి 30 మిల్లీగ్రాములు. వాడు 20 కిలోలు కాబట్టి రోజుకి 600, సెలైన్లో కలిపి నెమ్మదిగా, ఐదు రోజులు. బీపీ, షుగర్ చూస్తుండాలి. తర్వాత ఇమ్యునోగ్లోబులిన్, కిలోకి మొత్తం 2 గ్రాములు. 40 గ్రాములంటే 5 గ్రాముల వైళ్ళు ఎనిమిది, రోజుకి రెండు చొప్పున నాలుగు రోజులు. ఆ వైళ్ళు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. గడ్డకట్టినవి పనికిరావు, గట్టిగా కుదపకూడదు, ఎక్కించడం మెల్లగా మొదలుపెట్టాలి. మా దగ్గరున్నది ఒడిశా ఆరోగ్య కార్డు, మేం చేరినచోట అది చెల్లలేదు. రెండో రోజు వైళ్ళు ఫ్రిజ్‌లో ఉండగానే డబ్బు కట్టే కిటికీ దగ్గర మూడు గంటలు ఆపారు. అత్తమ్మ గాజులు అమ్మి కట్టాం. ఆ మూడు గంటల గురించి ఇంకేం రాయను.

వెన్నునీటిలో యాంటీబాడీ ఉందని ఆరో రోజు తేలింది. రెండు వారాలైనా మెరుగు పెద్దగా లేదని, యాంటీబాడీలు తయారయ్యే దారిని అణిచే రిటుక్సిమాబ్ ఇచ్చారు. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 375 మిల్లీగ్రాములు, వాడికి 0.8 వచ్చింది, అంటే వారానికి 300, నాలుగు వారాలు. దీనికి ముందు హెపటైటిస్ బీ పరీక్ష తప్పనిసరి, దాగి ఉన్న వైరస్ లేస్తుంది. ఇంటికొచ్చాక తట్టు, ఆటలమ్మ టీకాలు వెంటనే వేయించొద్దు. అంత మోతాదు ఇమ్యునోగ్లోబులిన్ తర్వాత 11 నెలలు ఆగాలి, రిటుక్సిమాబ్ కూడా తీసుకున్నాడు కాబట్టి డాక్టరుని అడిగే వేయించాలి.

తిరిగి రావడం మెల్లగా, ఒక్కొక్కటిగా. ముందు నిద్ర వచ్చింది, తర్వాత మింగడం వచ్చి ముక్కు గొట్టం తీశారు, తర్వాత నడక. మాట అన్నిటికంటే ఆఖరు. 577 మంది రోగులతో 2013లో అచ్చయిన పరిశీలనలో, మొదటి వరుస చికిత్స (స్టెరాయిడ్, ఇమ్యునోగ్లోబులిన్ లాంటివి) తీసుకున్నవాళ్ళలో నాలుగు వారాలకి మెరుగైంది సగం మందే. మిగతావాళ్ళలో చాలామంది ఆ తర్వాత నెలల మీద కోలుకున్నారు. ఆ కాగితం దిండుకింద పెట్టుకున్నాను. ఐదో నెలలో వాడు కిటికీలోంచి చూసి "బస్సు" అన్నాడు.

అప్పుడు మొదలైంది రెండో పోరు. చుట్టాలు, షాపుకొచ్చేవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. "మెదడువాపు స్టెరాయిడ్‌కి తగ్గింది కదా, ఆటిజంలో కూడా మెదడులో వాపే అంటన్నారు, మరి అదెందుకు తగ్గదేటి?" అడగదగ్గ ప్రశ్నే. 2005లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు ఆటిజం ఉండి చనిపోయిన 11 మంది మెదళ్ళు పరీక్షిస్తే, మైక్రోగ్లియా అనే కాపలా కణాలు రేగి ఉన్నాయి, చిన్నమెదడులో మరీ ఎక్కువగా. 2013లో జపానులో బతికున్న 20 మందికి స్కాన్ తీస్తే ఆ గుర్తు ఎక్కువ కనబడింది; 2020లో అమెరికాలో తీస్తే తక్కువ కనబడింది. అంటే ఏదో ఉంది. కానీ అది మా వాడి మెదడువాపులా దాడి కాదు. గురిపెట్టడానికి ఒక యాంటీబాడీ లేదు. అది కారణమో, ఫలితమో, పాత గాయం మాన్పే పనో తేలలేదు.

మందులు వేసి చూశారు. మైక్రోగ్లియాని అణిచే మినోసైక్లిన్ 11 మంది పిల్లలకి ఇచ్చారు, నడవడిక మారలేదు. ఇరానులో 40 మంది పిల్లల్లో రిస్పెరిడోన్‌కి వాపు తగ్గించే సెలికాక్సిబ్ జోడిస్తే చిరాకు కొంత తగ్గింది, ఆ పరిశీలన పది వారాలదే. ఫోలినిక్ యాసిడ్‌తో 48 మంది పిల్లల్లో మాట కొంత మెరుగైంది, ఫోలేట్ గ్రాహకం మీద యాంటీబాడీ ఉన్నవాళ్ళలో ఎక్కువగా. అది డాక్టరు చేతుల మీద చూడదగ్గదే, నా షాపులో సొంతంగా కొనేది కాదు. ఆటిజానికని నెలల తరబడి స్టెరాయిడ్ ఇస్తే ఎదుగుదల ఆగుతుంది, ఎముక గుల్లవుతుంది, రోగాలు తగులుకుంటాయి. ఇక మూలకణాల సూదులు. ఆటిజానికి వాటిని సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అయినా లక్షలు చెప్పే కరపత్రం మా షాపు కౌంటరు మీదే ఎవరో పెట్టి వెళ్ళారు. ఒంట్లోంచి విషలోహాలు తీస్తామని చెప్పే చికిత్స 2005లో అమెరికాలో ఐదేళ్ళ పిల్లాడి ప్రాణం తీసింది. కరపత్రం చించి పారేశాను, మా బావమరిది దాని ఫోటో తీసి ఉంచాడు. వాడికింకా ఆశ.

మజ్జిగౌరమ్మకి మొక్కు తీర్చాం. గుళ్ళో బాబు ఇత్తడి గంట కింద నిలబడి రెండు చేతులూ రెక్కల్లా ఆడించాడు. జబ్బుకి ముందు సంతోషం వస్తే అలాగే ఆడించేవాడు. ఐదు నెలలుగా అది లేదు. మా ఆవిడ ఏడ్చింది, పక్కనున్నావిడ "అయ్యో పాపం, ఈ బాబుకి అలాగుందా" అంది. ఆవిడకి ఏం చెప్తాం.

డిశ్చార్జి కాగితంలో జబ్బుల పేర్లు రెండు వరసల్లో ఉన్నాయి, ఒకటి ఎన్‌ఎండీఏ మెదడువాపు, రెండు ఆటిజం. మూడు కాపీలు తీయించాను. ఒకటి బడి ఫైల్లో, ఒకటి షాపు గల్లాపెట్టెలో, ఒకటి మా ఆవిడ సంచిలో. మూడిటి మీదా పైన ఎర్ర పెన్నుతో రాశాను: హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ అడగకుండా ఇవ్వొద్దు. వెనకవైపు దీపావళి నాటికి వాడికొచ్చిన మాటల జాబితా, తారీఖుతో. ఈసారి ఏదైనా మాట పోతే ఎప్పుడు పోయిందో చెప్పగలగాలి. నిన్నటికి పందొమ్మిది తిరిగొచ్చాయి.