స్కోర్ కోసమని లోన్ తీసుకోవద్దు

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నా దగ్గర ఉన్నవన్నీ క్రెడిట్ కార్డులే, లోన్ ఒక్కటీ లేదు, అందుకే క్రెడిట్ స్కోర్ పెరగట్లేదని అందరూ అంటున్నారు, చిన్న పర్సనల్ లోన్ ఒకటి తీసుకుని ఏడాదిలో కట్టేస్తే సరిపోతుందా" అని అడిగాడు. డబ్బు దేనికిరా అంటే, దేనికీ కాదు, స్కోర్ కోసమే అన్నాడు. స్కోర్ అంటే, మనం అప్పు ఎంత నమ్మకంగా తీరుస్తామో చెప్పే అంకె, అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసేది. వద్దని చెప్పాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం ముప్పావు గంట పట్టింది. ఇదే మాట నమ్మి అవసరం లేని అప్పు నెత్తికెత్తుకుని నెలనెలా వడ్డీ కడుతున్నవాళ్లను ఇంకో ఇద్దర్ని చూశాను, చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది, అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

వాడు విన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. మనకు ఏయే రకాల అప్పు ఖాతాలు ఉన్నాయన్నది స్కోర్ లెక్కలోకి వస్తుంది. కానీ ఎంత వస్తుంది? అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోర్ వాళ్లు తమ లెక్కలో దేనికెంత వాటానో బయటికే చెప్పారు: సమయానికి కట్టారా లేదా అన్నదానికి 35 శాతం, ఎంత బాకీ ఉన్నారన్నదానికి 30, ఖాతాలు ఎంత పాతవన్నదానికి 15, ఈమధ్య కొత్తగా అప్పులు అడిగారా అన్నదానికి 10, ఖాతాల రకాలకు ఇంకో 10. అంటే రకాల వాటా పదో వంతు. పైగా ప్రతి రకంలోనూ ఒక్కో ఖాతా ఉండాల్సిన అవసరం లేదని, వాడే ఉద్దేశం లేని ఖాతాలు తెరవడం మంచిది కాదని వాళ్లే చెప్తారు. దేశాన్ని బట్టి, సంస్థను బట్టి ఈ వాటాలు మారతాయి, ఫైకో 300 నుంచి 850 వరకు ఉంటే మన దేశంలో వాడే సిబిల్ స్కోర్ 900 దాకా వెళ్తుంది, కానీ ఎక్కడైనా కట్టాల్సింది సమయానికి కట్టడమే అన్నిటికన్నా ముఖ్యం.

నన్నడిగితే మన దగ్గర ఎన్ని రకాలు ఉన్నాయన్నదానికన్నా, ఉన్న రకం స్కోర్‌లో ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఎక్కువ ముఖ్యం. కార్డు ఒక రకంగా పనిచేస్తుంది, లోన్ ఇంకో రకంగా.

ముందు కార్డు సంగతి. కార్డుకు ఒక లిమిట్ ఉంటుంది, వాడుతుంటాం, కడుతుంటాం, మళ్లీ వాడుతుంటాం. ఆ లిమిట్‌లో ఎంత శాతం బాకీ ఉన్నామన్నదే స్కోర్ చూసేది. 30 శాతం దాటకూడదని చాలామంది చెప్తారు, నిజానికి అదేమీ గీత గీసినట్టు ఉండదు, ఎంత తక్కువైతే అంత మంచిది. స్కోర్ బాగా ఎక్కువున్నవాళ్లు మామూలుగా 10 శాతం లోపే ఉంటారు. ఇక్కడ నాకు చాలా ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. నేను ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేస్తాను, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయను. అయినా ఒక నెల స్కోర్ బాగా పడిపోయింది. టెన్షన్‌తో రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఎవరైనా నా పేరు మీద అప్పు తీసుకున్నారేమో అని కూడా భయపడ్డాను. తీరా చూస్తే ఆ నెల కార్డు మీద పెద్ద ఖర్చు ఒకటి చేశాను, లిమిట్‌లో 70 శాతం దాకా వెళ్లింది. కార్డు ఇచ్చినవాళ్లు క్రెడిట్ బ్యూరోకు, అంటే అందరి అప్పుల లెక్కలూ ఉంచే సంస్థకు, పంపేది మామూలుగా స్టేట్‌మెంట్ తయారైన రోజున ఉన్న బాకీని. గడువు లోపల నేను మొత్తం కట్టేశాను, కానీ అప్పటికే ఆ 70 శాతం బ్యూరో దగ్గర ఉండే నా రిపోర్టులోకి వెళ్లిపోయింది. మరుసటి నెల బాకీ తగ్గగానే స్కోర్ దానంతటదే పైకొచ్చింది.

అంటే గడువు తేదీకి కట్టడం వల్ల వడ్డీ, ఆలస్యపు మచ్చ తప్పుతాయి. స్టేట్‌మెంట్ తేదీకి ముందే కొంత కట్టేస్తే బాకీ శాతం కూడా తగ్గుతుంది. ఇంకో రెండు మూడు నెలల్లో ఇంటి లోన్ లాంటిదేదో అడగబోతున్నవాళ్లకు ఈ తేడా నిజంగా పనికొస్తుంది. స్కోర్ లెక్కగట్టే కొత్త మోడళ్లు, అంటే ఫైకో 10టీ, అమెరికాలోనే ఉన్న మరో స్కోర్ వాంటేజ్‌స్కోర్ 4.0 లాంటివి, 24 నెలల వరకు వెనక్కి వెళ్లి బాకీ పెరుగుతూ వస్తోందా తగ్గుతూ వస్తోందా అని కూడా చూస్తాయి, కాబట్టి చివరి నెల ఒక్కటి సర్దుకుంటే చాలనుకోవడం కూడా సరికాదు.

అన్ని కార్డులూ కలిపి ఎంత శాతమో చూస్తారు, ఏ కార్డుకా కార్డు కూడా చూస్తారు. ఇది తెలియక చాలామంది వాడని కార్డు ఎందుకులే అని మూసేస్తారు. మీకు 1,00,000 లిమిట్‌ది ఒకటి, 50,000 లిమిట్‌ది ఒకటి ఉన్నాయనుకోండి, చిన్న కార్డు మీద 30,000 బాకీ ఉంది. మొత్తం మీద 20 శాతమే. పెద్ద కార్డు మూసేసిన మర్నాడు అదే 30,000 కాస్తా 60 శాతం అవుతుంది, మీరు ఒక్క రూపాయి కూడా కొత్తగా ఖర్చు పెట్టలేదు! మూసేస్తే ఖాతా వయసు వెంటనే పోతుందని భయపడతారు గానీ, అమెరికాలో సరిగ్గా కట్టి మూసిన ఖాతా 10 ఏళ్ల వరకు రిపోర్టులో ఉంటుంది, ఫైకో దాని వయసును లెక్కలోకి తీసుకుంటుంది. వెంటనే దెబ్బ తగిలేది లిమిట్ తగ్గడం వల్ల.

లోన్ విషయం వేరు. ఇంటి లోన్ అయినా బండి లోన్ అయినా మొదటి రోజు దాదాపు నూటికి నూరు శాతం బాకీ ఉంటాం, అది అందరికీ తెలిసిందే, కార్డు నిండిపోయినప్పుడు కనిపించేంత ప్రమాదం అందులో కనిపించదు. తీసుకున్న దాంట్లో ఇంకా ఎంత మిగిలిందో స్కోర్ చూస్తుంది గానీ కార్డు శాతం చూపినంత ప్రభావం ఉండదు. లోన్ వల్ల స్కోర్‌కు వచ్చే మేలు నెలనెలా ఈఎంఐ తప్పకుండా కట్టడం వల్ల వస్తుంది, అది కార్డు బిల్లు కట్టినా వచ్చేదే. కార్డులో చేతిలో డబ్బు లేని నెల మినిమం కట్టి ఆలస్యపు మచ్చ తప్పించుకోవచ్చు, వడ్డీ మాత్రం గట్టిగా పడుతుంది. ఈఎంఐలో ఆ వీలు లేదు, మొత్తం కట్టాల్సిందే.

లోన్ తీరిపోయిన నెలలో స్కోర్ కొంచెం తగ్గితే కంగారు పడకండి. నడుస్తున్న లోన్ ఒక్కటీ మిగలకపోతే అలా జరగొచ్చు. ఆ నాలుగు పాయింట్ల కోసం తీర్చగలిగిన అప్పును సాగదీయడం, వడ్డీ కట్టుకుంటూ కూర్చోవడం నాకైతే అస్సలు నచ్చదు.

ఛార్జ్ కార్డులని ఇంకో రకం ఉంది, ముందే చెప్పిన లిమిట్ ఉండదు, ప్రతి నెలా మొత్తం కట్టేయాలి. లిమిట్ లేదు కాబట్టి కొత్త ఫైకో లెక్కల్లో వాటిని బాకీ శాతంలో కలపరు. డెబిట్ కార్డు, పొదుపు ఖాతా, జీతం, ఇవేవీ స్కోర్‌లోకి రావు.

కొత్త ఖాతా అడిగినప్పుడు కూడా రకాన్ని బట్టి తేడా ఉంది. ఇంటి లోన్‌కు నాలుగు చోట్ల వడ్డీ రేటు కనుక్కుంటే ఫైకో కొత్త లెక్కల్లో 45 రోజుల లోపు అడిగినవన్నీ కలిపి ఒకటిగానే చూస్తారు, పాత వాటిలో అయితే 14 రోజులు. కార్డులకు ఈ వెసులుబాటు లేదు, నాలుగు కార్డులకు అప్లై చేస్తే నాలుగు ఎంక్వయిరీలే, అంటే అప్పు అడిగినట్టు రిపోర్టులో నాలుగుసార్లు నమోదవుతుంది. మన స్కోర్ మనం చూసుకుంటే మాత్రం ఏమీ తగ్గదు, నిశ్చింతగా చూసుకోండి.

ఇంకో ఖాతా ఉంది, దాన్ని ఎవరూ తమ ఖాతా అనుకోరు. వేరేవాళ్ల లోన్‌కు మనం జతగా పెట్టిన సంతకం. మా బాబాయ్ స్నేహితుడి కోసం అలా సంతకం పెట్టాడు. ఆయన రెండు ఈఎంఐలు కట్టలేదు, ఆ సంగతి బాబాయ్‌కి చెప్పనూ లేదు. ఏడాది తర్వాత తన సొంత లోన్ కోసం వెళ్లినప్పుడు గానీ బాబాయ్‌కి తెలియలేదు, ఆ రెండు మచ్చలూ ఈయన రిపోర్టులోనూ ఉన్నాయి. జీవితంలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయని మనిషి మా బాబాయ్. దయచేసి అలాంటి సంతకం పెడితే ఆ ఖాతా ప్రతి నెలా కట్టారో లేదో మీరే చూసుకోండి, మొహమాటపడకండి.

మళ్లీ మా తమ్ముడి దగ్గరికి వస్తే, ఫోన్‌లోనే వాడి రిపోర్టు తెరిపించాను. మూడు కార్డులు. రెండు ఊరికే పడి ఉన్నాయి. క్యాష్‌బ్యాక్ ఎక్కువ వస్తుందని ఖర్చంతా మూడోదాని మీదే పెడుతున్నాడు, ప్రతి స్టేట్‌మెంట్‌లోనూ 85, 90 శాతం. కట్టడం మాత్రం పూర్తిగా కడుతున్నాడు, పాపం. స్కోర్ కదలకపోవడానికి లోన్ లేకపోవడం కన్నా ఇదే పెద్ద కారణమని వాడికీ అర్థమైంది. స్టేట్‌మెంట్ 18న వస్తుందట, ఈసారి 14నే చాలావరకు కట్టేస్తానన్నాడు. లోన్ కోసం సగం నింపిన ఫారం నేను ఫోన్ పెట్టేయకముందే తీసేశాడు.