అశోక్‌నగర్ చిత్తు కాగితాలతో కొలాజ్: ఇప్పటిదాకా

బోర్డు సగానికి పైగా నిండింది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న ప్లైవుడ్ ముక్క మీద కాగితం ముక్కలు అంటించి చేస్తున్న ఈ కొలాజ్‌కి ఒకటే నియమం పెట్టుకున్నాను. హైదరాబాద్‌లో అశోక్‌నగర్ సందుల నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా, ఈ కాస్త దూరంలో జనం పారేసినవే వాడాలి. కొన్న రంగు కాగితం ఒక్కటీ ఉండకూడదు, పెయింటూ వద్దు. ఇంతకుముందు ఊరంతా తిరిగి పోగేసినవాటితో చేసిన కొలాజ్‌లలో రంగులు బాగానే కుదిరేవి. చూసినవాళ్లు బాగుందని చెప్పి ముందుకు వెళ్లిపోయేవాళ్లు. దీని దగ్గర మాత్రం ఆగి, వంగి చదువుతున్నారు. నాకు కావలసింది అదే.

ఈ దారికి ఒక చివర అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పోటీ పరీక్షల కాగితం, రెండో చివర ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల సినిమా కాగితం. మధ్యలో చిక్కడపల్లి నుంచి కరపత్రాలు, శుభలేఖలు, స్వీటు డబ్బాల అట్టలు.

ముందు పరీక్షల కాగితం సంగతి. పరీక్ష వాయిదా పడ్డా, ఫలితాలొచ్చినా హాస్టల్ గదులు కొన్ని ఖాళీ అవుతాయి. నోట్సులు, జిరాక్స్ మెటీరియల్, ప్రాక్టీస్ ఓఎంఆర్ షీట్లు సంచులకొద్దీ పాత పేపర్ల షాపుకు చేరతాయి. షాపతనికి ఇప్పుడు నా సంగతి తెలిసిపోయింది. "చేతిరాతవి పక్కకు పెట్టిన అన్నా, చూస్కో" అంటాడు. చిత్తు కాగితం ధరకే తూచి ఇస్తాడు.

వాటిలో ఒక పేజీని ఇప్పటికీ పదేపదే చూస్తుంటాను. తెలంగాణ ఉద్యమం పేపరు కోసం ఎవరో రాసుకున్న నోట్సు. "1956 పెద్దమనుషుల ఒప్పందం" అని రాసి కింద రెండు గీతలు, ఆ కిందే "1985, జీవో 610". బాల్‌పెన్ను ఎంత నొక్కి రాశారంటే, పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి. అందుకే దాన్ని బోర్లా అంటించాను. ఉబ్బెత్తు అణిగిపోకుండా అంచులకు మాత్రమే జిగురు రాసి, పైన బరువు పెట్టకుండా ఆరనిచ్చాను. పక్క నుంచి లైటు పడితే రాత పైకి తేలి కనబడుతుంది. చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి 1950లలో చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన కాగితం కత్తిరించి కొలాజ్‌లు చేశారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఏ కాగితం చేతికొచ్చినా ముందు తడిమి చూస్తున్నాను.

పేరు, హాల్‌టికెట్ నంబరు ఉన్న భాగం మాత్రం చింపేస్తాను. ఎవరి కష్టమో అందరికీ తెలియాల్సిన పని లేదు.

ఓఎంఆర్ షీట్లు ఒక్కటే కత్తెరతో కోస్తున్నాను. నిండిన గుండ్రాలు నల్లగా, మిగతావి గులాబీ గీతలతో ఉంటాయి కదా, నిలువు పట్టీలుగా కోసి కింది భాగంలో పక్కపక్కన నిలబెడితే రాత్రి పూట హాస్టల్ కిటికీల్లా ఉన్నాయి.

ఇంకు విషయంలో జాగ్రత్త. జిరాక్స్ టోనర్ తడికి చెదరదు, బాల్‌పెన్ దాదాపు చెదరదు. జెల్‌పెన్, స్కెచ్‌పెన్, ఇంక్‌జెట్ ప్రింటు పాకిపోతాయి. ఏ కాగితమైనా ఒక మూల తడి వేలితో రుద్ది చూశాకే జిగురు దగ్గరికి తీసుకెళ్లండి. జెల్‌పెన్ పేజీని వదలబుద్ధి కాకపోతే, హార్డ్‌వేర్ షాపులో దొరికే క్లియర్ లక్కర్ స్ప్రే పల్చగా రెండు పూతలు కొట్టి, బాగా ఆరాక నీళ్లు తక్కువ కలిపిన జిగురుతో అంటించాలి.

ఇక వాల్‌పోస్టర్లు. నా మనసంతా వీటి మీదే ఉంది. గోడ మీద శుక్రవారం తర్వాత శుక్రవారం ఒకదాని మీద ఒకటి అంటిస్తూ పోతే అట్టలా గట్టిపడతాయి. వానకు నాని, సొంత బరువుకే ఊడి పడతాయి. గోడ మీదున్నది నేను పీకను, కింద పడ్డదే తెచ్చుకుంటాను. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, ఆ దిమ్మ మునిగేలా అరగంట నుంచి గంట నానబెడితే పొరల మధ్య ఉన్న మైదా జిగురు ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు బొమ్మ కిందికొచ్చేలా గాజు పలక మీద పరిచి, వెనక పొర నుంచి మొదలుపెట్టాలి. మూల పట్టుకుని పైకి లాగితే చిరుగుతుంది. కాగితాన్ని దాని మీదికే మడుస్తున్నట్టు, పలకకు ఆనించి మెల్లగా వెనక్కి లాగాలి. మిగిలిన జిగటను స్పాంజితో పూర్తిగా తుడిచెయ్యండి. మైదా మిగిలితే బొద్దింకలు, సిల్వర్‌ఫిష్ పురుగులు వచ్చి కాగితం కొరికేస్తాయి. బైండింగ్ వాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేది ఇందుకే. అది విషం, ఇంట్లో పిల్లలున్నారు, కాబట్టి నేను దాని జోలికి పోను.

అన్ని పొరలూ విడదీయాలని పట్టుబట్టనక్కర్లేదు. ఇప్పుడు బోర్డు పై భాగంలో ఉన్న పెద్ద ముక్కలో మూడు సినిమాలు కలిసే ఉన్నాయి. హీరో భుజం చిరిగిన చోట కింది పొరలోని ఆకుపచ్చ చీర అంచు, దాని కింద "నేడే విడుదల"లో "నేడే" ఒక్కటీ. నేను కూర్చుని ఎంత ఆలోచించినా ఇలా పేర్చలేను. ప్యారిస్‌లో జాక్ విలెగ్లె, రేమండ్ హైన్స్ అనే కళాకారులు 1949లోనే గోడల మీది చినిగిన పోస్టర్లను తెచ్చి బొమ్మలుగా నిలబెట్టారు. దారిన పోయేవాళ్లు చింపినదాన్ని అలాగే ఉంచడం వాళ్ల పద్ధతి. పోస్టర్ల దగ్గర నేనూ అదే పాటిస్తున్నాను.

జిగురు: మూడు వంతుల ఫెవికాల్‌కి ఒక వంతు నీళ్లు. బోర్డుకీ కాగితానికీ రెండిటికీ రాసి, కాగితం తడికి సాగేదాకా కాసేపు ఆగి అప్పుడు అంటించాలి. తొందరపడితే బుడగలు వస్తాయి. కాగితానికి పీచు వాటం ఉంటుంది. ఆ వాటంలో చింపితే చీలిక తిన్నగా పోతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది. తడిసినప్పుడు వాటానికి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది కాబట్టి పెద్ద ముక్కలన్నీ ఒకే వాటంలో పెడుతున్నాను. ఆరే కాగితం బోర్డును తనవైపు వంచుతుంది. అది సరితూగడానికి వెనక వైపు కూడా జిరాక్స్ కాగితాలు అంటించాలి. ఆ పని సగమే అయింది.

మధ్యలో రోడ్డులా అడ్డంగా సాగే పట్టీ శుభలేఖలది. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డుల నుంచి ఆ మూలలే చింపి వరుసగా పేర్చాను. రెండు మూలలకు కాస్త సున్నపు నీళ్లు తగిలించాను. పసుపు అక్కడికక్కడే ఎర్రగా తిరిగింది, పారాణి రంగు. పసుపు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి ఈ కొలాజ్‌ని కిటికీకి ఎదురుగా తగిలించను.

పక్కన పెట్టేసినవీ ఉన్నాయి. బిర్యానీ పార్సిల్ అట్టకు నూనె పట్టి ఉంటుంది, జిగురు నిలవదు. షాపు బిల్లులు థర్మల్ కాగితం, అచ్చు వెలిసిపోతుంది. ఫ్లెక్సీ పీవీసీ ప్లాస్టిక్, ఫెవికాల్ దాన్ని పట్టుకోదు. న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుతురుకు పచ్చబడుతుంది. దాన్ని అడుగు పొరకే వాడుతున్నాను.

కుడివైపు పైన జానెడు ఖాళీ ఉంది. అక్కడికి నీలం ఎక్కువున్న పోస్టరు కావాలి, మళ్లీ గట్టి వాన పడితేనే దొరుకుతుంది. ఈలోగా వెనక కాగితాలు పూర్తి చేస్తాను. వార్నిష్ పరీక్ష కూడా మొదలుపెట్టాను. ఒక ముక్కకు మ్యాట్, ఇంకో దానికి గ్లాసీ వేసి, రెండిటినీ సగం వరకు అట్టతో కప్పి ఎండ తగిలే చోట పెట్టాను. ఏది తక్కువ పచ్చబడితే అదే వేస్తాను.