బల్బుకు అందని రెండు వోల్టులు

డిసెంబరు రెండో ఆదివారం, రాత్రి 10 గంటలు

ఈ రోజంతా కారు హెడ్‌లైట్ల పనితోనే గడిచింది. చేతికి అంటిన గ్రీజు ఇంకా పూర్తిగా వదలలేదు గాని, చూసినవీ కొలిచినవీ మరచిపోకముందే రాసుకోవాలని కూర్చున్నాను.

పోయిన నెలాఖరున పాలకొండలో అక్క ఇంటి నుంచి నాన్నను తీసుకుని శ్రీకాకుళం తిరిగి వస్తుండగా, ఆమదాలవలసకు ఇంకా కొన్ని కిలోమీటర్ల దూరంలో జరిగినది నన్ను ఇప్పటికీ నిద్రలో లేపుతోంది. రోడ్డు ఎడమ సగాన్ని ఆక్రమించి పోసిన ధాన్యపు కుప్ప, దానిమీద కప్పిన నల్లటి బరకం, బరకం ఎగిరిపోకుండా చుట్టూ పెట్టిన రాళ్ళు నా కంటబడేసరికి వాటికీ బండికీ మధ్య ఇరవై గజాలు కూడా లేవు. స్టీరింగును కుడివైపుకు తిప్పి తప్పించగలిగానంటే, ఆ క్షణాన ఎదురుగా మరో వాహనం లేకపోవడమే కారణం. ఆ రైతును నేను తప్పుపట్టలేను. కళ్ళాలు లేని ఊళ్ళలో, ఎప్పుడు వాయుగుండం వస్తుందో తెలియని ఈ నెలలో, తడిసిన గింజలను ఆరబెట్టుకోవడానికి అతనికి తారురోడ్డు తప్ప వేరే చోటు లేదు. నాన్న దారిలో ఏమీ అనలేదు. ఇంటికి చేరి మంచినీళ్ళు తాగిన తరువాత మాత్రం, "బండికి చూపు తగ్గిందిరా, నీకు కాదు" అన్నారు.

మా బండి 1994 నాటి అంబాసిడర్. ఏపీ 30 నంబరుతో నాన్న కొన్నది. దాని ముందు దీపాలు ఏడు అంగుళాల గుండ్రటి డూములు, అంటే లోపల అద్దం, ముందు గాజు ఉన్న గిన్నెలు, వాటిలో 45/40 వాట్ల పాతకాలపు బల్బులు. అంటే బ్రైటులో 45, డిమ్ములో 40. ఇవి చాలవని రెండేళ్ళ క్రితమే అనుకుని, ఒక దుకాణంలో చెప్పిన మాట నమ్మి, పాత డూములలోనే ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాను. గోడమీద చూస్తే పట్టపగలులా ఉండేది. మూడో రోజు రాత్రి ఎదురుగా మోటారు సైకిలు మీద వస్తున్న ఒకాయన రెండు చేతులలో ఒకటి కళ్ళకు అడ్డం పెట్టుకుని రోడ్డు అంచు దిగిపోయి, తుప్పల్లో ఆగాడు. వెనక భార్య, ఆమె ఒళ్ళో పసిబిడ్డ. ఎవరికీ దెబ్బ తగలలేదు. నేను దిగి క్షమించమని అడిగితే ఆయన కోపగించుకోలేదు, "కళ్ళు పోయినట్టయ్యింది బాబూ" అని మాత్రం అన్నాడు. మరునాడే ఆ బల్బులు తీయించేశాను. డూము లోపలి అద్దం బల్బులో వెలిగే తీగను (ఫిలమెంటును) దృష్టిలో పెట్టుకుని చేసినది. తీగ ఉండవలసిన బిందువులో కాక, ఒక కాడకు రెండు పక్కలా అతికించిన చిప్పుల నుంచి వెలుగు బయలుదేరితే, అది రోడ్డుమీదకు కాకుండా ఎదుటివాడి కళ్ళలోకీ చెట్ల కొమ్మల్లోకీ చెదిరిపోతుంది. పదో తరగతి పిల్లలకు పుటాకార దర్పణం నాభి గురించి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నవాడిని నేను. ఆ విషయం బల్బు కొనేముందే తట్టి ఉండవలసింది.

అందువల్ల ఈసారి ముందు బల్బు కొనకుండా, ముందు కొలవాలని నిశ్చయించుకుని ఉదయం డే అండ్ నైట్ కూడలి దగ్గరి సందులో ఆటో ఎలక్ట్రికల్ పని చేసే పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన ఆదివారం మధ్యాహ్నం వరకే షాపు తీస్తారు. డూము విప్పి, ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు ముళ్ళను బ్యాటరీ మీద పెట్టారు: 13.8 వోల్టులు. అవే ముళ్ళను, డిమ్ము లైట్లు వెలుగుతుండగా, బల్బు హోల్డరు దగ్గర పెట్టారు: 11.6.

"మాస్టారూ, బల్బుదేటి తప్పు నేదండి. దానికి ఇవ్వాల్సింది మనం ఇవ్వట్లేదు" అన్నారాయన.

రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతున్నాయి. వినడానికి ఇది చిన్న తేడాయే గాని, తీగ బల్బులో వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు 3.4 ఘాతంతో తగ్గుతుంది. పదో వంతు వోల్టేజీ తగ్గితే వెలుగులో మూడో వంతుకు దగ్గరగా పోతుంది. మా బండి లెక్క అక్కడే కాగితంమీద వేసి చూస్తే, ఉండవలసిన వెలుగులో నూటికి 55 వంతులే రోడ్డుకు చేరుతున్నాయి. అసలే 40 వాట్ల బల్బు, అందులో సగం! ఆ వోల్టులు ఎక్కడ పోయాయో పెద్దాయన ఒక్కొక్కటిగా చూపించారు. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు డాష్‌బోర్డు స్విచ్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి డిమ్మూ బ్రైటూ మార్చే డిప్పర్‌కు, డిప్పర్ నుంచి మళ్ళీ ముందుకు, ముప్పై ఏళ్ళనాటి సన్నటి వైర్లలో ప్రయాణించి బల్బును చేరుతోంది. స్విచ్ కాంటాక్టులు కాలి నల్లబడ్డాయి. వైరు చివర తొడుగు ఒలిచి చూస్తే రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఎర్తు వైరు బిగించిన చోట తుప్పు. రెండు బల్బులూ కలిసి లాగేది దాదాపు 6.7 ఆంపియర్లు కనుక, దారిలోని నిరోధం అంతా కలిపినా ఓమ్‌లో మూడో వంతు. పరీక్ష పేపరులో ఆ అంకెను ఎవరూ లెక్కపెట్టరు. నా రోడ్డుమీద సగం చీకటి అదే.

ఇక్కడ ఒక మాట వివరంగా రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే నన్నూ చాలామంది ఇదే దారిన వెళ్ళమన్నారు. లైటు చాలకపోతే 100/90 వాట్ల బల్బులు వేసెయ్యమంటారు. అదే పాత వైర్లలో ఆ బల్బులు వేస్తే కరెంటు రెట్టింపుకు పైగా లాగాలని చూస్తాయి, దారిలో పోయే వోల్టులు కూడా అలాగే పెరుగుతాయి. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. వెలుగు అనుకున్నంత రాదు, స్విచ్ మాత్రం కరిగిపోతుంది, ఒక్కొక్కసారి బండే అంటుకుంటుంది. బండిలో తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా ఇష్టం వచ్చిన మార్పులు చేయకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది కూడా ఇలాంటివి చూసే అయి ఉంటుందనిపిస్తుంది.

పెద్దాయన చేసినది ఇది. రెండు రిలేలు (కొద్ది కరెంటు అందగానే పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు), డిమ్ముకు ఒకటి, బ్రైటుకు ఒకటి, రేడియేటరు పక్కన వాన తగలని చోట బిగించారు. బ్యాటరీ నుంచి వాటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త రాగి వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజులు పెట్టారు. రిలే నుంచి డూముకు కూడా అదే మందం. ఎర్తును బాడీ రేకు దయకు వదలకుండా నేరుగా బ్యాటరీ దాకా తెచ్చారు. పాత స్విచ్, పాత వైర్లు అలాగే ఉన్నాయి గాని, ఇప్పుడవి మోసేది రిలే చుట్టను లేపడానికి కావలసిన కొద్దిపాటి కరెంటే. అది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. అసలు భారమంతా దగ్గరి దారిలో, లావు వైరులో వెళుతుంది. ఎంత సులువైన పని! ఇది బండి కొన్న నాడే చేయించి ఉంటే నాన్న ముప్పై ఏళ్ళు ఆ మసక వెలుగులో కళ్ళు చిట్లించుకుని నడిపి ఉండేవారు కాదు.

డూములు కూడా మార్చాను. అదే ఏడు అంగుళాల కొలతలో, హెచ్4 బల్బు పట్టే గాజు డూములు, మామూలు 60/55 వాట్ల హాలోజన్ బల్బులు. డూము కొనేటప్పుడు పెద్దాయన చెప్పిన జాగ్రత్త విలువైనది: ఎడమవైపు నడిచే మన రోడ్ల కోసం చేసినదే కావాలి. డిమ్ము వెలుగు పై అంచు కుడివైపు, అంటే ఎదుటి బండి వచ్చే వైపు, సమంగా ఆగిపోయి, ఎడమ అంచుకు వెళ్ళేకొద్దీ కొంచెం పైకి లేవాలి. కుడివైపు నడిచే దేశాల డూము బిగిస్తే ఆ లేచే భాగం సూటిగా ఎదుటివాడి ముఖాన పడుతుంది. హెచ్4 బల్బులో డిమ్ము తీగ కింద ఒక చిన్న లోహపు దోనె ఉంటుంది. అది అద్దం కింది సగానికి వెలుగు చేరకుండా ఆపుతుంది, పై సగం మాత్రమే వెలుగును కిందికి పంపుతుంది. చిటికెన వేలి గోరంత రేకు ముక్క ఎదుటివాడి కళ్ళకు ఎంత కాపలా కాస్తున్నదో చూస్తే, దానిని చేసిన మనుషులమీద గౌరవం కలుగుతుంది. బల్బు గాజును చేత్తో ముట్టకూడదు. వేలి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కి పగులుతుంది.

పని ముగిశాక మళ్ళీ కొలిస్తే హోల్డరు దగ్గర 13.4. వస్తువులూ కూలీ కలిపి మూడు వేల రూపాయలు దాటి కొంచెం అయ్యింది.

సాయంత్రం ఊరి చివర మూతపడిన రైసు మిల్లు గోడ దగ్గరకు అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. నేల సమంగా ఉండడం వల్ల ఆ చోటు ఎంచుకున్నాను. ముందుగా నాలుగు టైర్లలో గాలి చూసి, వాడిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, గోడకు 7.5 మీటర్ల దూరంలో బండి నిలిపాము. డూము నడిబొడ్డు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. గోడమీద ఆ ఎత్తున సుద్దముక్కతో ఒక గీత, దానికి 7.5 సెంటీమీటర్ల కింద ఇంకొక గీత గీశాను. చీకటి పడ్డాక, ఒక డూమును గుడ్డతో కప్పి రెండోదానిని, తరువాత దీనిని, వెలుగు అంచు కింది గీతను తాకేదాకా పై మరనూ పక్క మరనూ తిప్పాము. మీటరుకు సెంటీమీటరు చొప్పున దిగే వెలుగు 70 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. గంటకు పైగా పట్టింది. ఈ పని లేకుండా పైన చేసినదంతా వృథా. బజారులో లైట్లు మార్చుకుని వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఈ గోడ దగ్గరకు రాకుండానే రోడ్డెక్కుతారన్నది నా బాధ.

అక్కడి నుంచి నేరుగా పాలకొండ రోడ్డుకు వెళ్ళాము. ఊళ్ళో వీధిదీపాల కింద ఏ బండి లైట్లైనా బాగానే కనిపిస్తాయి. ఆమదాలవలస దాటి పొలాల మధ్యకు వెళితేనే నిజం తెలుస్తుంది. పోయిన ఆదివారం పాత లైట్లతో ఒక ప్రయోగం చేశాను. వాహనాలు లేని చోట బండి ఆపి డిమ్ము వేసి ఉంచితే, ముదురు రంగు బట్టల్లో అబ్బాయి రోడ్డు మార్జిను వెంట నడుచుకుంటూ వెళ్ళాడు. నా కంటికి ఆనకుండా పోయేసరికి 34 అంగలు వేశాడు. ఈ రాత్రి అదే చోట, అదే బట్టల్లో 71 అంగలు. వాడి అంగ ముప్పావు మీటరు. అంటే అప్పుడు 25 మీటర్లు, ఇప్పుడు 53.

ఆ అంకెలు బండి బానెట్ మీద కాగితం పెట్టి రాస్తుంటే నా చేయి ఆగిపోయింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మనిషి తేరుకోవడానికి ఒకటిన్నర సెకను పట్టినా అప్పటికే 20 మీటర్లు గడిచిపోతాయి, మా డ్రమ్ము బ్రేకులు బండిని ఆపడానికి ఇంకొక 20. మొత్తం 40. ఆ రాత్రి నేను 50లోనే వచ్చాను. ఆగడానికి 40 మీటర్లు కావలసిన బండిలో, 25 మీటర్ల చూపుతో, ఎనభై ఏళ్ళ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాను. 60 వేగానికైతే ఆగే దూరం దాదాపు 54 మీటర్లు. కాబట్టి కొత్త లైట్లు వచ్చాయని 60కి వెళ్ళడం లేదు, ఈ బండి రాత్రిపూట 50 దాటదు. నల్ల బరకం కప్పిన కుప్ప అబ్బాయి కాళ్ళకన్నా ఇంకా తక్కువ దూరంలోనే కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

తిరిగి వస్తుంటే ఎదురుగా ఒక మోటారు సైకిలు వచ్చింది. దూరం నుంచే డిమ్ము చేసి, అతని తలనే చూస్తూ నెమ్మదిగా వచ్చాను. చేయి కళ్ళకు అడ్డం పెట్టుకోలేదు, తల పక్కకు తిప్పుకోలేదు, తన వరుసలో తాను సూటిగా వెళ్ళిపోయాడు. అబ్బాయి వెనక్కి తిరిగి అతని వెనక లైటు మలుపు తిరిగేదాకా చూశాడు.

ఇంటికి వచ్చాక నాన్న చేతికర్రతో వాకిట్లోకి వచ్చి, వెలుగుతున్న డూములను పక్కనుంచి చూసి, "నల్లబొట్టు పెట్టించలేదేం?" అని అడిగారు. ఆయన రోజుల్లో గాజు మధ్యలో నల్లరంగు పూయనిదే పోలీసులు ఊరుకునేవారు కాదట. లోపలి దోనె సంగతి చెప్పి, రైసు మిల్లు గోడ సంగతి కూడా చెబితే ఓపికగా విన్నారు. తరువాత వచ్చే ఆదివారం అక్క దగ్గరకు వెళదామన్నారు.

రిలేలమీద చేయి వేసి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. ముందు అద్దం లోపలివైపు పట్టిన మసిని తడి కాగితంతో తుడవాలి. ఎదుటి లైటు దానిమీద పడినప్పుడు ఇంకా తెర కట్టినట్టే ఉంది. ఎడమ డూము వెలుగు కుడిదానికన్నా ఒక వేలెడు కిందికి పడుతున్నదని దారిలో అనిపించింది. పై మర అరచుట్టు తిప్పాలి కాబోలు. రేపు బడి నుంచి వచ్చాక సుద్దగీతలు చెరిగిపోకముందే మళ్ళీ ఆ గోడ దగ్గరకు వెళ్ళాలి.