డిసెంబరు ఎండ, ఆరు యూనిట్లు

డిసెంబరు 20, శనివారం

పొద్దున ఏడున్నరకి లేచి కర్టెన్ తీస్తే బయట ఇంకా మసక చీకటే. ఫోన్ చూస్తే మైనస్ 22. ఈ చలిలో ఎక్కడికని ఒక్క క్షణం అనిపించింది గానీ, మా ఆయన అప్పటికే ఫ్లాస్కులో కాఫీ పోసి గుమ్మం దగ్గర పెట్టేశాడు. ఇక తప్పదు. రెండు జతల సాక్సులు తొడుక్కుని బయల్దేరాను.

అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ నుంచి సుపీరియర్ సరస్సు ఒడ్డు వెంబడే టూ హార్బర్స్ దాకా వెళ్ళి, అక్కడ లోపలికి, అడవి దారిలోకి తిరగాలి. సరస్సు మీద తెల్లగా ఆవిరి లేస్తోంది, పెద్ద గంగాళంలో నీళ్ళు కాగుతున్నట్టు. ఇల్లు కట్టుకోవడానికి కొన్న మా పదెకరాలకి చలికాలంలో వెళ్ళడం ఇదే మొదటిసారి. కొన్నది జూన్‌లో. జూన్‌లో మిన్నెసోటాలో ఏ స్థలమైనా ముద్దొస్తుంది, దోమల్ని మినహాయిస్తే. కరెంటు స్తంభాల వరస మాకు అర మైలు అవతలే ఆగిపోయింది. అక్కణ్ణుంచి లైను లాగడానికి చెప్పిన డబ్బు వింటే, సొంతంగా ప్యానెళ్ళు, బ్యాటరీలు పెట్టుకోవడమే నయం అనిపించింది. అలా మొదలైంది ఈ పిచ్చి. పర్యావరణం మీద ప్రేమ తర్వాత వచ్చి చేరింది. నిజం చెప్పుకోవాలి కదా, ఇది నా డైరీ.

ఇవాళే ఎందుకు వెళ్ళామంటే, ఏడాది మొత్తంలో సూర్యుడు బాగా కిందుగా తిరిగే రోజులివి. ఇప్పుడు ప్యానెళ్ళ మీద ఎండ పడిందంటే ఏడాదంతా పడినట్టే. ఇక్కడ సరిగ్గా మధ్యాహ్నం అంటే పన్నెండూ అయిదు. ఆ వేళకి మంచులో కర్ర గుచ్చి నిలబడ్డాం. మీటరు కర్ర నీడ రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు వచ్చింది. అంటే నడినెత్తిన ఉండాల్సిన సూర్యుడు నేల నుంచి ఇరవై డిగ్రీలు కూడా లేడు. మా ఆలూరులో ఇదే రోజు మధ్యాహ్నం యాభై డిగ్రీల ఎత్తులో మాడు పగలగొడుతుంటాడు. కొలవడం అయ్యాక టేపు వెనక్కి చుట్టుకోనంది. ఇనుప నాలుకలా బయటికి వేలాడుతూ ఉండిపోయింది. ఫోటో తీద్దామని ఫోన్ బయటికి తీస్తే, నలభై శాతం ఛార్జింగ్ ఉన్నది కాస్తా టప్పున ఆరిపోయింది.

అసలు గొడవ ఆ రెండు స్ప్రూస్ చెట్లతో, చలికాలంలోనూ ఆకు రాల్చని సూదాకుల చెట్లవి. ప్యానెళ్ళకని అనుకున్న చోటికి దక్షిణాన నిలబడి ఉన్నాయి, ఒక్కోటి నలభై అడుగులుంటుంది. ఈ ఎండకి వాటి నీడ నూట పది అడుగులు సాగుతుంది. జూన్‌లో వాటి కిందే దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. "కొట్టేయాల్సిందేనా?" అన్నాడు మా ఆయన. నేనేమీ అనలేదు. చెట్లు కొట్టి కట్టే ఎకో ఫ్రెండ్లీ ఇల్లు! ఆ మాటకొస్తే నేను వారంలో రెండు రోజులు ఆఫీసుకి పెట్రోలు కాల్చుకుంటూ గంటసేపు వెళ్ళాలి, వంటకి ప్రొపేన్ సిలిండర్ ఉండనే ఉంది. అందుకే ఈ మధ్య ఎవరైనా అడిగితే "ఎకో" అనడం మానేసి, "లైను లేని ఇల్లు" అని చెప్తున్నాను. చివరికి ప్యానెళ్ళ స్టాండునే తూర్పు వైపు అరవై అడుగులు జరిపి చూశాం. ఒక చెట్టు నీడ తప్పింది. రెండోది పోవాల్సిందే.

పక్క స్థలం పెద్దాయన స్నోమొబైల్ మీద వచ్చి పలకరించాడు. ఆయన తాతలు ఫిన్లాండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు, ఇంటికంటే ముందు సౌనా, అంటే ఆవిరి స్నానపు గది, కట్టుకున్నారట. మేం కట్టెల పొయ్యి పెడతామని తెలిసి, మా బర్చ్ చెట్లు చూపించి ఒక్క మాట చెప్పాడు: బర్చ్ దుంగని కొట్టిన వెంటనే చీల్చెయ్యాలి, లేదంటే ఆ తెల్ల బెరడు లోపలి తడిని బయటికి పోనివ్వదు, కట్టె లోలోపలే కుళ్ళిపోతుంది. పైగా ఇప్పుడు కొట్టుకునేది వచ్చే చలికాలానికి కాదట, ఆ పై చలికాలానికి. అంటే ఇంటికి పునాది పడకముందే కట్టెలు పేర్చుకోవాలి. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మళ్ళీ గోడల గురించే వాదన. నాకు రాయీ మట్టీతో కట్టిన ఇల్లంటే ప్రాణం. మా జేజి వాళ్ళది మిద్దె. రెండడుగుల రాతి గోడలు, పైన దంతెలు, వాటి మీద చౌడు మన్ను. మే నెల మధ్యాహ్నం లోపలికి అడుగు పెడితే చల్లటి కుండలోకి దూరినట్టుండేది. అలాంటి గోడలే ఇక్కడా కడదామని మొదట్లో పట్టుబట్టాను. కానీ ఆ గోడ చేసే పని పగటి వేడిని దాచుకుని రాత్రికి వదలడం. పగలు వేడి, రాత్రి చల్లదనం ఉన్నచోట అది సాగుతుంది. ఇక్కడ నెలల తరబడి రాత్రింబగళ్ళు బయట చలే. రాయి ఎంత మందం ఉన్నా ఇంట్లోని వేడిని మెల్లగా బయటికి తోడేస్తూనే ఉంటుంది. జేజి ఇంటి గోడ ఇక్కడికి పనికిరాదని ఒప్పుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

ఇప్పుడు అనుకుంటున్నది పన్నెండంగుళాల చెక్క గోడ. రెండు వరసల ఫ్రేములు, మధ్యలో ముక్కలు చేసిన పాత న్యూస్‌పేపర్ల పీచు దట్టించి. పురుగు, మంట పట్టకుండా దానికి బోరాన్ ఉప్పు కలుపుతారు. గోడలో పేపర్లు అంటే అమ్మ నవ్వింది గానీ, ఇది కొత్త సంగతేం కాదు. కెనడాలో రెజీనా ఊళ్ళో 1977లోనే ఇంత మందం గోడలతో, ఇంటిని వెచ్చబెట్టే మామూలు ఫర్నేస్ అన్నది లేకుండా ఒక ఇల్లు కట్టి చూపించారు. జర్మనీలో మొదటి పాసివ్ హౌస్, అంటే వేడి కోసం దాదాపు ఏమీ ఖర్చు పెట్టక్కర్లేని ఇల్లు, వచ్చింది 1991లో. అంతలావు గోడ కట్టాక, రాయి మీద మోజు తీర్చుకోవడానికి ఇంటి మధ్యలో ఇటుకల పొయ్యి ఉంది. టన్నుల బరువు. పొద్దున ఒకసారి గట్టిగా మండిస్తే రాత్రి దాకా గోరువెచ్చగా వేడి వదులుతూ ఉంటుంది. జేజి గోడ గది మధ్యకి వచ్చి కూర్చుందన్నమాట. ఇడ్లీ పిండి పులియడానికి దాని పక్కన ఒక అరుగు కట్టించమని ఇప్పటికే డ్రాయింగులో రాయించాను.

వంటింటి దగ్గరే ఇంకో చిక్కు ఉంది, అది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. ఇల్లు గాలి చొరనంత బిగుతుగా కడతారు. మరి ఎండుమిర్చి తాలింపు ఘాటు ఎటు పోవాలి? పెద్ద చిమ్నీ పెట్టుకుందాం అన్నాను. డిజైన్ చేస్తున్నావిడ కంగారుపడింది. అంత బలంగా గాలిని బయటికి లాగితే, ఆ ఖాళీని నింపడానికి కట్టెల పొయ్యి గొట్టంలోంచి పొగ వెనక్కి ఇంట్లోకి వస్తుందట. కార్బన్ మోనాక్సైడ్‌తో సహా. కాబట్టి బయటి గాలి లోపలికి రావడానికి వేరే దారి పెట్టాలి, ఆ గాలి మైనస్ ఇరవైలో ఉంటుంది గనక దాన్ని వేడి చెయ్యాలి. ఒక్క పప్పు తాలింపుకి ఇంత కథ! చివరికి చిన్న చిమ్నీ, పొయ్యి వెలిగించినప్పుడు వంటింటి కిటికీ ఒక అంగుళం తెరవడం, అని తేల్చుకున్నాం. తాలింపు మానే ప్రసక్తి లేదు.

సాయంత్రం ఏడింటికి నాయనకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున ఆరున్నర. నాయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. ఎండలో, వానలో స్తంభాలెక్కి పల్లెలకి కరెంటు ఇచ్చిన మనిషికి, కూతురు లైను వద్దనుకుంటోందని చెప్పడం ఎంత ఇబ్బందో! ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చాను. ఇవాళ చెప్పేశాను. కాసేపు మాట లేదు. తర్వాత, "సరే పాపా, లోడు ఎంత పడతాదో చెప్పు" అన్నాడు.

లిస్టు చదివాను. ఫ్రిజ్‌కి రోజుకి ఒక యూనిట్. ఇంటర్నెట్ డిష్ 1.2. లాప్‌టాప్‌లు రెండూ కలిపి 0.8. గాలి మార్చే యంత్రం 0.7. బోరు మోటారు 0.4. లైట్లు, వాషింగ్ మెషీన్ చెరో 0.3. మిక్సీ, గ్రైండరు కలిపి 0.2. ఫోన్లకి 0.1.

"మిక్సీ అంత తక్కువా?"

"750 వాట్లే గానీ పది నిమిషాలే కదా నాయనా. డిష్ యాభై వాట్లే, కానీ ఇరవై నాలుగ్గంటలూ."

"అంటే మిక్సీది అరుపే గానీ తిండి లేదు. ఆ డిష్ సప్పుడు లేకుండా తింటాండాది. రాత్రి పండుకునేటప్పుడు ఆపండి దాన్ని."

ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే రోజుకి ఒక యూనిట్ తింటుందంటే మాత్రం ఆయనకి కోపం వచ్చింది. మొత్తం ఆరు యూనిట్లు. 4 కిలోవాట్ల ప్యానెళ్ళకి డిసెంబరులో రోజుకి రెండు గంటల పూర్తి ఎండే లెక్కేసుకున్నాం. ఎనిమిదిలో పావు వంతు నష్టాలకి పోతే మిగిలేదీ ఆరే. రాబడికీ ఖర్చుకీ మధ్య గీత కూడా లేదు. మబ్బు పట్టిందంటే బ్యాటరీ మీద మూడు రోజులు, ఆ తర్వాత జనరేటర్.

నాయన ప్రశ్నలు ఆపలేదు. బ్యాటరీలు ఎక్కడ పెడతారు? షెడ్డులో అన్నాను మొదట, వెంటనే నాలుక్కరుచుకున్నాను. సున్నాకి కింద ఈ లిథియం బ్యాటరీల్ని ఛార్జ్ చెయ్యకూడదు, పాడైపోతాయి. మనతోపాటు ఇంట్లోనే పడుకోవాలి అవి. వోల్టేజి సంగతి చెప్తే మాత్రం ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. చలి పెరిగేకొద్దీ ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. మూడు ప్యానెళ్ళు వరసగా కలిపితే కాగితం మీద 147 వోల్టులు. ప్యానెళ్ళ కరెంటుని బ్యాటరీకి సరిపడా మార్చి పంపే కంట్రోలర్ 150 వోల్టులది చాలని అమ్మేవాడొకడు మాకు నచ్చజెప్పాడు కూడా. మైనస్ 35లో అవే 170 దాకా పోతాయి. "కాలిపోదా మరి?" అన్నాడు నాయన. కాలిపోతుంది. అందుకే 250ది తీసుకుంటున్నాం. నీళ్ళు లేని టాయిలెట్ గురించి మాత్రం చెప్పలేదు. పక్కన అమ్మ వింటోంది.

ఫోన్ పెట్టేశాక చారు అన్నం తిని, మా ఆయన గిన్నెలు కడుగుతుంటే నేను లెక్కల షీటు ముందు కూర్చున్నాను. ఎక్కడ తగ్గించాలో తెలియట్లేదు. తొమ్మిది దాటాక నాయనే మళ్ళీ చేశాడు.

"పాపా, ఆడ బయట ఎంత ఉండాది ఇప్పుడు?"

"మైనస్ ఇరవై అయిదు."

"బయట అంత చలి పెట్టుకొని ఇంట్లోకి ఫ్రిజ్ ఎందుకు?"

నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఏడాది నుంచి ఎన్ని పుస్తకాలు, ఎన్ని వీడియోలు!

డ్రాయింగు బల్ల మీద పరిచాం. ఉత్తరం వైపు మూల, వంటింటికి ఆనుకుని, మూడడుగుల ఖాళీ ఉంది. చీపుర్లు పెట్టుకోవడానికని వదిలింది. దాన్ని ఇంటి వేడి తగలకుండా వేరు చేసి, బయటి గోడలో మూత ఉన్న చిన్న కంత పెడితే నవంబరు నుంచి మార్చి దాకా అదే ఫ్రిజ్. ఆవకాయకి ఢోకా లేదు, పాలూ పెరుగూ గడ్డకట్టకుండా చూసుకోవాలి. మూత ఎంత తెరిస్తే లోపల మూడు నాలుగు డిగ్రీల దగ్గర నిలుస్తుందో లెక్కతో తేలేది కాదు. రేపు హార్డ్‌వేర్ షాపులో కనిష్ఠం, గరిష్ఠం చూపించే థర్మామీటరు ఒకటి కొని, గరాజ్‌లో అట్టపెట్టె, థర్మోకోల్ షీట్లతో ఒక అర చేసి, అందులో గిన్నెడు పెరుగు పెట్టి చూస్తాం.

షీటులో చలికాలం వరసలో ఫ్రిజ్ దగ్గర సున్నా వేశాను. అయిదు యూనిట్లయింది. మా ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆ మిగిలిన యూనిట్‌తో ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టుకోవచ్చా అని అడిగాడు. అడుగుతాడని నాకు తెలుసు.