టెర్షెలింగ్ మంటలు, కొత్తపట్నం తీరం

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన భాండాగారంలోని వేలాది పాత ముద్రణా చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచినందువల్ల, ఒంగోలులో మా ఇంట్లో కూర్చునే 17వ శతాబ్దపు డచ్చివారి నౌకాయుద్ధ చిత్రాలను కొన్ని నెలలుగా పరిశీలిస్తున్నాను. ఇవి ఎచింగులు. రాగిరేకు మీద మైనపు పూత పూసి, సూదితో బొమ్మ గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోట మాత్రమే లోహం తినుకుపోతుంది. ఆ గాడుల్లో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. మన రాజులు రాగిరేకు మీద దానశాసనాలు చెక్కించారు గనుక, అదే లోహం మీద తగలబడుతున్న ఊరిని చూడడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఆ ఊరు నెదర్లాండ్స్ ఉత్తర తీరపు దీవుల్లో ఒకటైన టెర్షెలింగ్‌లోని వెస్ట్-టెర్షెలింగ్. ఆంగ్లేయులకు, డచ్చివారికి యుద్ధం సాగుతున్న 1666 ఆగస్టులో ఆంగ్ల నౌకాధికారి రాబర్ట్ హోమ్స్, వ్లీ నదీముఖంలో లంగరు వేసి ఉన్న డచ్చి వర్తక నౌకల మీదికి, శత్రునౌకలకు అంటించడానికే సిద్ధం చేసిన నిప్పు ఓడలను పంపి సుమారు 150 ఓడలను కాల్పించాడు. మరుసటి రోజు టెర్షెలింగ్ దీవిలో సైనికులను దింపి ఊరికి నిప్పు పెట్టించాడు. ఆ దహనాన్ని చూపే చిత్రమొకటి ఫోనులో కొత్తపట్నం రేవులోని ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన మంటలను గాని జెండాలను గాని పట్టించుకోకుండా, "అబ్బయ్యా, ఇక్కడ నీళ్లు లోతు లేనట్టుండాయే. ఇన్ని ఓడలు ఒకేసారి ఎట్టా బయటపడతాయి?" అన్నారు. ఆటుకు ఇసుక మేటలు తేలే లోతు తక్కువ సముద్రమది. నేను వారాల తరబడి చూసి గమనించనిది ఆయన ఒక్క చూపులో పట్టుకున్నారు.

అయితే ఈ చిత్రాలు కన్నీటితో గీసినవని నేను అనుకోను. ఇవి అమ్మకానికి తయారైన వార్తలు, శత్రువు మీద కసి పెంచే సాధనాలు కూడా. 1672లో ఫ్రాన్స్, ఇంగ్లండు కలిసి డచ్చివారి మీదికి యుద్ధానికి వచ్చినప్పుడు ఫ్రెంచి సైన్యం బోడెగ్రావెన్, స్వామర్‌డామ్ గ్రామాలలో సాగించిన దారుణాలను డచ్చి చిత్రకారుడు రోమైన్ డ హోగ్ అంత వివరంగా గీయడంలో ఆ ఉద్దేశం దాగలేదు. చిన్న పడవలో యుద్ధం మధ్యకే వెళ్లి రేఖాచిత్రాలు గీసుకున్న మరో డచ్చి చిత్రకారుడు విల్లెమ్ వాన్ డ వెల్డె (తండ్రి), ఈ యుద్ధం ఇంకా ముగియకముందే కొడుకుతో సహా ఇంగ్లండు రాజు కొలువులో చేరాడు! కళాకారుడి జీతానికి దేశం అడ్డు రాలేదన్నమాట.

అదే యుద్ధంలో, 1673లో, మచిలీపట్నం దగ్గరి మన సముద్రంలోనూ డచ్చి, ఆంగ్ల కంపెనీల ఓడలు తలపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ దక్షిణపు అంచు దాటగానే వచ్చే పులికాట్‌లో డచ్చివారికి గెల్డ్రియా కోట ఉండేది. ఆ శతాబ్దపు కరవుల్లో అమ్ముడుపోయిన మనుషులను ఈ కోరమాండల్ తీరం నుంచే బానిసలుగా బటావియాకు (నేటి జకార్తాకు) ఓడల్లో తరలించారు. టెర్షెలింగ్‌లో కాలిన ఇళ్లను రాగిరేకుల మీదికి ఎక్కించినవారి ముద్రణల్లో, పులికాట్ రేవులో ఓడ ఎక్కించిన ఆ మనుషుల కోసం ఇప్పుడు వెతుకుతున్నాను. ఇంతవరకు నాకు కోట బురుజులు, రేవులో లంగరు వేసిన ఓడలు మాత్రమే కనిపించాయి.