కొత్త బుష్ ఎందుకు త్వరగా చిరుగుతుంది?

కారు చక్రాన్ని చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్ (కింది చేయి) కీలులో ఉండే రబ్బరు బుష్‌లు కొత్తవి వేసినా కొన్ని నెలలకే చిరుగుతుంటే, సరుకు కన్నా ముందు బిగించిన తీరును అనుమానించాలి. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. అప్పుడే బోల్టు పూర్తిగా బిగిస్తే బుష్ లోపలి ఇనుప గొట్టం ఆ కోణంలోనే పట్టేస్తుంది. బండి దించగానే ఆర్మ్ పైకి లేచి రబ్బరు మెలిపడుతుంది. ఊరికే నిలబెట్టిన బండిలోనూ ఆ మెలిక వదలదు, ఇక గుంతల రోడ్డయితే చెప్పక్కర్లేదు.

అందుకే ముందు చేతి బిగువు వరకే ఎక్కించాలి. చక్రాలు నేలకు ఆనాక బండిని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, అప్పుడు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో చెప్పినంత బిగించాలి. కింద చోటు చాలకపోతే బండిని స్టాండ్ల మీద ఉంచి, ఆర్మ్‌ను జాకీతో బండి నేల మీద నిలిచినప్పుడు ఉండే ఎత్తుకు లేపి బిగించినా సరే.

మామూలు రబ్బరు బుష్‌కు గ్రీజు పూయొద్దు, ఉబ్బిపోతుంది. సబ్బు నీళ్లు చాలు. తర్వాత చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ తప్పనిసరి.